ఎవరి నంబరు వాళ్ళదే

"నువ్వు నాతో మాట్లాడకు. నీ చేత్తో ఇచ్చిన టీ కూడా నాకొద్దు," అంది పెద్దది.

గ్లాసుని వేలితో అంత దూరం నెట్టేసి గోడవైపు తిరిగి కూర్చుంది. అత్తారింటి నుంచి పొద్దున్నే ఏడింటికి దిగింది. ఎంత కోపంగా వచ్చిందంటే, గుమ్మం బయట చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు పడున్నాయి.

చిన్నది ఆ గ్లాసు తీసుకుని తనే తాగేసింది.

"చూశావా అమ్మా? చూశావా దాని పొగరు?"

"చల్లారిపోతుందని తాగానక్కా."

"నాన్నా, మీరైనా చెప్పండి దానికి!"

వాళ్ళ నాన్నని ఊళ్ళో అందరూ మేస్త్రి అంటారు. బాయిలర్ల ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళుగా వెల్డింగ్ చేస్తున్న మనిషి. ఆదివారం వచ్చిందంటే పెరట్లో షెడ్డులో దూరి ఎవరిదో గేటో, కుర్చీ కాలో అతుకుతూ ఉండాల్సిందే. ఇవాళ మాత్రం కుర్చీలో కూలబడి తన బనియన్‌కి పడ్డ చిల్లులు చూసుకుంటున్నాడు. నిప్పురవ్వలు పడీ పడీ అది జల్లెడయిపోయింది.

"అసలు ఏం అడిగారే నిన్ను?" పెద్దది మళ్ళీ ఇటు తిరిగింది. మాట్లాడకు అన్నది తనేనన్న సంగతి తనకే గుర్తు లేదు. "కిడ్నీ అడిగారా? ఇరవై నిమిషాల పని! మా మరిది ప్లేటొకటి చేసి తెర కింద నుంచి తోసేస్తే నీదేం పోయేది?"

"నా నంబరు పోయేది."

"నీ నంబరు ఎవడిక్కావాలి? వాడి నంబరే కదా కొట్టమన్నారు!"

"అదే అక్కా నేననేది."

ఫ్యాక్టరీ ట్రైనింగ్ షెడ్డులో చిన్నదాని బ్యాచ్ ఏడుగురు. ఆరుగురు మగపిల్లలు, ఇదొక్కతే ఆడపిల్ల. శుక్రవారం పరీక్ష జరిగింది. ఒక్కొక్కళ్ళకీ మూడుపక్కలా తెరలు కట్టిన గది. రెండు ఇనప ప్లేట్లు అతికి, దాని మీద ఎవరి నంబరు వాళ్ళు అంకెల పంచ్‌తో కొట్టి అప్పజెప్పాలి. తర్వాత దాన్ని బద్దలుగా కోసి మెషిన్లో పెట్టి వంచుతారు. అతుకు విచ్చుకోకపోతే పాసు.

ఆ తెరలు నేల దాకా ఉండవు. కింద జానెడు ఖాళీ. ఆ జానెడు ఖాళీలో ఎన్నో ఏళ్ళ నుంచి ఒక రహస్యం నడుస్తోంది. చెయ్యి బాగా తిరిగినవాళ్ళు తమ ప్లేటు అయ్యాక పక్కవాడిది కూడా చేసి, వాడి నంబరు కొట్టి, కాలితో తోసేస్తారు. పైవాళ్ళకి తెలియదు. కిందవాళ్ళందరికీ తెలుసు. "తెర కింద" అంటే చాలు, విడమర్చి చెప్పక్కర్లేదు.

శుక్రవారం చిన్నదాని గదిలోకి ప్లేటు మూడుసార్లు వచ్చింది, పైన పంచ్ పెట్టి మరీ. మూడుసార్లూ బూటుతో వెనక్కి తోసేసింది. పాపం పెద్దదాని మరిది, అందరూ పొడుగోడు అని పిలిచే పిల్లాడు, వాడి ప్లేటు వాడే చేసుకోవాల్సి వచ్చింది. వంచగానే బిస్కెట్టు విరిగినట్టు విరిగింది. వాడితో కలిపి ముగ్గురు ఫెయిలయ్యారు. రేపు సోమవారం మళ్ళీ పరీక్ష. అదే ఆఖరు. రేపూ పోతే ఇంటికే.

శనివారం చిన్నది షెడ్డుకి వెళ్ళేసరికి దాని హెల్మెట్ అద్దానికి నల్లరంగు పూసి ఉంది. అలమార తలుపు మీద సుద్దముక్కతో 'ద్రోహి' అని రాసుంది. ఎవరూ మాట్లాడలేదు. ఇది అన్నానికి వెళ్ళి కూర్చుంటే బల్ల దగ్గరున్న ఆరుగురూ క్యారేజీలు మూసి లేచిపోయారు. ఇంటికొచ్చి ఒక్క ముక్క చెప్పలేదు. రాత్రి హెల్మెట్ అద్దం తుడుస్తుంటే వాళ్ళమ్మ చూసి అడిగితే అప్పుడు బయటపడింది.

"మా అత్తగారు మొన్నటి నుంచి నాతో మాట్లాడట్లేదు," పెద్దది ముక్కు చీదింది. "ఉప్పు డబ్బా కావాలన్నా గోడకి చెప్తోంది. 'ఆ డబ్బా ఇటు వస్తే బాగుండు' అని. నేను ఆ ఇంట్లో ఉండాలా వద్దా?"

"మీ అత్తగారితో నేను మాట్లాడనా?"

"నువ్వు మాట్లాడితే గోడ కూడా అలుగుతుంది! రేపు చేస్తానని ఒక్క మాట చెప్పు. ఇప్పుడే వెళ్ళిపోతా."

"చెయ్యను."

"అందరూ చేసేదే కదే తల్లీ," వాళ్ళమ్మ వంటింట్లోంచి గరిట పట్టుకునే వచ్చింది. "అంతమందిలో నువ్వొక్కదానివే మడి కట్టుకుని కూర్చుంటే ఎట్లా? రేప్పొద్దున నీకు అవసరమైతే ఎవరు వస్తారు?"

"అమ్మా, పాసైనవాడు ఎల్లుండి నుంచి బాయిలర్ అతుకుతాడు. దాన్నిండా ఆవిరి ఉంటుంది. పక్కన మనుషులు నిలబడి ఉంటారు. నాన్న కూడా అక్కడే నిలబడతారు."

ఆ మాటకి ఆవిడ గరిట కిందకి దించింది. పెద్దది మాత్రం తగ్గలేదు.

"మరి అంత నీతి ఉన్నదానివి ఆ పరీక్ష ఇన్‌స్పెక్టర్‌కే చెప్పెయ్యకపోయావా?"

"నేనెవరి మీదా చెప్పలేదు. చెయ్యనన్నాను, అంతే. అది వాళ్ళకీ తెలుసు."

మేస్త్రి బనియన్ మీంచి కళ్ళెత్తి చిన్నదాని వైపు చూశాడు. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. గొంతు పెంచలేదు, ఏడవలేదు, కళ్ళు దించలేదు. దీనికి ఇది ఎక్కడి నుంచి వచ్చింది? నా దగ్గర నుంచైతే కాదు అనుకున్నాడు.

అప్పుడే బయట మోటారుసైకిల్ ఆగింది.

వచ్చింది పొడుగోడు. వాడి ముందు బండి నడుపుతున్నది వాళ్ళ బ్యాచ్ నాయకుడు. నోరు తెరిస్తే ఆగడు కాబట్టి వాణ్ణి బుల్లెట్టు అంటారు. ఫెయిలైన ముగ్గురిలో వాడూ ఉన్నాడు.

"నమస్తే మేస్త్రిగారూ! నమస్తే ఆంటీ! అక్కా, బాగున్నారా?" బుల్లెట్టు అందరికీ ఒకేసారి పంచేసి వరండాలో నిలబడ్డాడు. పొడుగోడు గుమ్మానికి తల తగలకుండా వంగి, అలా వంగే ఉండిపోయాడు. వదిన మొహం కూడా చూడలేదు.

"ఎడంచెయ్యీ," అన్నాడు బుల్లెట్టు. చిన్నది ఎడమచేత్తో పని చేస్తుంది, బ్యాచ్‌లో దాని పేరు అదే. "అయిందేదో అయింది. నువ్వంటే మా అందరికీ గౌరవం. నీలాంటి చెయ్యి బ్యాచ్‌లో ఎవరికీ లేదు."

"శనివారం ద్రోహిని. ఆదివారం పొద్దుటికి గౌరవం వచ్చేసిందా?"

"అది... ఎవడో సరదాకి రాశాడు."

"నీ 'ద' నాకు తెలుసులే. తోక ఎప్పుడూ పొడుగ్గా లాగుతావు."

పెద్దదానికి నవ్వొచ్చి, కోపంలో ఉన్నానని గుర్తొచ్చి, దగ్గింది.

బుల్లెట్టు తడుముకోలేదు. "సరే, నేనే రాశా. కోపంలో రాశా. బ్యాచ్ అంటే ఏంటి చెప్పు? ఒకడు పడితే ఆరుగురు లేపాలి. మా ముగ్గురివీ వద్దు. వీడిదొక్కటి చెయ్యి చాలు. మీ చుట్టాలబ్బాయే కదా! రేపటి నుంచి మళ్ళీ అందరం ఒకే బల్ల మీద తింటాం. నాది పూచీ."

ఒకే బల్ల అన్న మాట చిన్నదానికి ఎక్కడో తగిలిందని మేస్త్రికి అర్థమైంది. మూడు నెలలు కలిసి తిన్నారు, కలిసి నవ్వారు. ఆ పిల్లలు దానికీ స్నేహితులే కదా.

"లేపుతాననే అంటున్నా," అంది చిన్నది. "పొడుగూ, పెరట్లో మెషిన్ ఉంది, రాడ్లున్నాయి, బోలెడు పాత ఇనుముంది. సాయంత్రం దాకా టైముంది. నువ్వెక్కడ తప్పు చేస్తున్నావో నాకు తెలుసు. రా, చూపిస్తాను."

"నా తప్పేంటి?" పొడుగోడు మొదటిసారి నోరు విప్పాడు.

"నిలబడటం."

బుల్లెట్టు పకపకా నవ్వాడు. "మొదలుపెట్టింది అమ్మమ్మ!"

ఇదీ ఒక కథే. ఆ బ్యాచ్‌లో మొదటిరోజు నుంచీ ఒక పట్టింపు ఉంది. మొనగాడైనవాడు నిలబడి వెల్డింగ్ చెయ్యాలట. కూర్చుని చేసేది ముసలాళ్ళట. ఎవరు పెట్టారో తెలియదు, ఆరుగురూ పాటిస్తారు. చిన్నది మొదటిరోజే ఖాళీ పెయింట్ డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. ఆ రోజు నుంచి అమ్మమ్మ. బోసినోటి అమ్మమ్మ, కళ్ళజోడు అమ్మమ్మ, ఇంకా ఏవేవో. అది లేవలేదు.

"ఆ బల్ల నా నడుం దాకా ఉంటుంది," అంది చిన్నది. "నీకు తొడల దాకానే. నువ్వు రెండుగా మడతపడి చేస్తావు. సగం అయ్యేసరికి మోకాళ్ళు వణుకుతాయి. మోకాలు వణికితే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే రాడ్డు వణుకుతుంది. నీ చెయ్యి మంచిదే పొడుగూ. గొడవంతా నీ నడుంతోనే."

పొడుగోడు తన చేతుల వైపు చూసుకున్నాడు. "కూర్చుంటే... నవ్వుతారు."

"ఎవరు?"

వాడి కళ్ళు పక్కనున్న బుల్లెట్టు వైపు వెళ్ళి వచ్చాయి.

"మరి ఫెయిలైతే నవ్వలేదా?"

"ఫెయిలైతే అందరం కలిసే అయ్యాం," అన్నాడు బుల్లెట్టు గర్వంగా. "ఒకళ్ళనొకళ్ళు వదల్లేదు."

ఇక వాళ్ళమ్మకి ఓపిక అయిపోయింది. మొగుడి కుర్చీ దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏవండీ, మీరు నోరు తెరవండి. మీరే పెద్దవాళ్ళు. మీ రోజుల్లో మీరు చెయ్యలేదా సాయం? మా తమ్ముడు మీ బ్యాచే కదా! వాణ్ణి మీరు కడుపులో పెట్టుకుని చూసుకున్నారని మా నాన్న పోయేదాకా చెప్పుకున్నాడు. అది చూసే కదా నన్ను మీకిచ్చాడు! స్నేహం అంటే ఏంటో మీ కూతురికి కాస్త చెప్పండి."

మేస్త్రి లేచాడు. లేచినవాడు మళ్ళీ కూర్చున్నాడు.

"చేశాను సాయం. ఏం సాయం చేశానో నీకు తెలుసా?"

"పని నేర్పారు."

"నేర్పలేదు. నేర్పి ఉంటే బాగుండేది." ఆయన బనియన్ చిల్లులో వేలు దూర్చి తీశాడు. "వాడి ప్లేటు నేను చేశాను. వాడి నంబరు నేను కొట్టాను. తెర కింద నుంచి తోశాను. చెయ్యనంటే బ్యాచ్ వెలేస్తుందని భయమేసింది. చేశాను, వెంటనే హీరోనైపోయాను. భుజాలమీద ఎత్తుకుని ఊరేగించారు నన్ను."

బుల్లెట్టు వేలికి తిప్పుతున్న బండి తాళం జేబులో వేసుకున్నాడు.

"నెల తిరక్కుండా వాడు ఒక పైపు అతికాడు. దాన్నిండా నీళ్ళు పట్టి ప్రెషర్ పెట్టారు. వాడి అతుకు దగ్గర సన్నగా, దారంలా, నీళ్ళు చిమ్మాయి. పెద్దాఫీసరు వచ్చి 'ఇప్పుడే, ఇక్కడే, నా ముందు ఇంకొకటి చెయ్యి' అన్నాడు. ఇరవైమంది చుట్టూ మూగారు. నేనూ ఉన్నాను వాళ్ళలో. వాడు నా వైపు చూశాడు. ఏం చెయ్యను? అక్కడ తెర లేదు."

"స్టోర్‌కి పంపించారని..." వాళ్ళమ్మ మాట మధ్యలో ఆగింది.

"అప్పుడే పంపించారు. ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి అందరికీ గ్లౌజులు లెక్కపెట్టి ఇస్తున్నాడు. ఇంకో నెల నేర్చుకుని ఉంటే వాడికి పనొచ్చేది. నాకు తెలుసు. మంచి చెయ్యి. ఆ నెల నేను లాగేసుకున్నాను, సాయం అనుకుని. ఇన్నేళ్ళలో ఆ మాట మేమిద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు."

ఆవిడ కుర్చీ దగ్గర నుంచి రెండడుగులు వెనక్కి వేసింది.

"వాణ్ణి నేను ఎన్నిసార్లు బద్ధకస్తుడన్నాను," అంది నెమ్మదిగా. "పైకి రావాలన్న ఆశ లేదన్నాను. దద్దమ్మ అన్నాను. పిల్లల ముందు, వాడి పెళ్ళాం ముందు. ప్రతిసారీ మీరు పక్కనే కూర్చుని విన్నారు."

"విన్నాను."

ఆవిడ గరిట బల్ల మీద పెట్టి లోపలికెళ్ళి మంచం మీద కూర్చుంది. తలుపు వెయ్యలేదు. వేసినా బాగుండేది.

చిన్నది 'చూశారా' అనలేదు. నేల చూస్తూ నిలబడింది. వాళ్ళ నాన్న తల ఎత్తుకోలేకపోతుంటే దానికి గెలిచినట్టు లేదు.

ముందుగా కదిలింది పొడుగోడు. వరండాలోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి పెరట్లోకి, గుమ్మం గుమ్మానికీ తల వంచుకుంటూ నడిచాడు.

"ఒరేయ్, ఎక్కడికిరా? అక్కడ అందరూ మనకోసం చూస్తున్నారు!" బుల్లెట్టు వెనకాలే పరిగెత్తాడు.

"నువ్వెళ్ళు."

"ఆలోచించుకో. రేపు డబ్బా మీద కూర్చున్నావంటే నీతో ఒక్కడు మాట్లాడడు."

"హెల్మెట్ పెట్టుకుంటే ఎలాగూ మాట్లాడలేం కదరా," అన్నాడు పొడుగోడు. అనేసి, తనన్న మాటకి తనే భయపడ్డట్టు చిన్నదాని వైపు చూశాడు.

బుల్లెట్టు బండి తీసి రెండుసార్లు గట్టిగా హారన్ కొట్టాడు. ఎవరూ రాలేదు. బండి చప్పుడు వీధి మలుపు దాకా వెళ్ళి ఆగింది. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

షెడ్డులో పొడుగోడు డబ్బా బోర్లించి కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. చూడ్డానికి నవ్వులాటగానే ఉంది, నిజం చెప్పాలంటే. చిన్నది చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"రాడ్డు పట్టే హోల్డర్ నేను ముట్టుకోను. నోటితోనే చెప్తా. మోచెయ్యి బల్లకి ఆనించు. ఊపిరి బిగపట్టకు. ఆఁ, ఇప్పుడు."

మొదటిది పాడైంది. రెండోదీ పాడైంది. మూడోదానికి రాడ్డు అంటుకుపోయి, పీకలేక వాడు తిట్టుకున్నాడు. ఇటివ్వు నేను చేస్తా అంటుందేమోనని మేస్త్రి గుమ్మం దగ్గర నిలబడి చూశాడు. వాడు కూడా ఆశగా హోల్డర్ చాపాడు. అది వెనక్కి కట్టుకున్న చేతులు విప్పలేదు.

"పీకు. మళ్ళీ మొదలుపెట్టు."

తొమ్మిదో ప్లేటు మీద గట్టిపడ్డ నల్లటి పెంకు కొట్టి, బ్రష్ పెట్టి రుద్దితే కింద అతుకు కనిపించింది. ఒకదాని మీద ఒకటి నాణేలు పేర్చినట్టు, వంకర లేకుండా, ఈ చివర నుంచి ఆ చివరికి. పొడుగోడు దాన్ని వేలితో తడమబోయి, కాలి, వేలు నోట్లో పెట్టుకుని, అలాగే నవ్వాడు. "ఇది నేనే చేశానా?"

"మరి నేను చేశానా? నా చేతులు ఇక్కడున్నాయిగా!"

పెద్దది కూడా వెనకాల చేరింది. దాని ఫోన్ మోగింది.

"ఆఁ అత్తయ్యా! ఇక్కడే ఉన్నాడు... కూర్చున్నాడు... అబ్బే, భోజనానికి కాదు, కూర్చుని పని చేస్తున్నాడు. చాలా బాగా చేశాడత్తయ్యా." ఒక్క క్షణం ఆగింది. "మా చెల్లెలే. పక్కనే నిలబడి నేర్పిస్తోంది." మా చెల్లెలే అన్నప్పుడు దాని మెడ కాస్త నిటారైంది. అవతల అత్తగారు ఏమందో గానీ, మొన్నటి నుంచి గోడతో మాట్లాడిన మనిషి ఇవాళ కోడలితో మాట్లాడింది. అది చాలు ఇప్పటికి.

మేస్త్రి చిన్నదాన్నే చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఎన్ని వేల అతుకుల మీద తన నంబరు కొట్టి ఉంటాడో! కొట్టిన ప్రతిసారీ ఛాతీ పొంగేది. ఇవాళ పొంగిన పొంగు వేరు. తను మోకాళ్ళమీద కూలబడ్డ చోట తన కూతురు నిలబడింది. ఆరుగురు లేచిపోయిన బల్ల దగ్గర ఒక్కతే కూర్చుని అన్నం తిని, మర్నాడు వాళ్ళలో ఒకడికి పని నేర్పుతోంది. ఆ పొంగుతో పాటే గుండెలో ముల్లు కూడా కదిలింది.

లోపలికెళ్ళి చొక్కా వేసుకున్నాడు. భార్య మంచం మీద అలాగే ఉంది.

"ఎక్కడికి?"

"మీ తమ్ముడి ఇంటికి."

"వెళ్ళి ఏం చేస్తారు? వాడి ముప్పై ఏళ్ళు తెచ్చిస్తారా?"

"తేలేను."

"మరి?"

"అది మూడుసార్లు వెనక్కి తోసిందే. నేను ఒక్కసారి వెళ్ళి నోరు విప్పలేనా?"

ఆవిడ లేచి, ఆయన తప్పుగా పెట్టుకున్న గుండీ విప్పి సరిగ్గా పెట్టింది. పెడుతున్నంతసేపూ మొహం చూడలేదు.

రెండు వీధులు దాటాలి. ఎండ మాడ్చేస్తోంది. బావమరిది వరండాలో స్టూలేసుకుని సైకిల్ చైన్‌కి నూనె పెడుతున్నాడు.

"బావా! ఇంత ఎండలోనా? రా, రా. అవునూ, చిన్నది ప్లేటు వెనక్కి తోసేసిందట కదా! ఫ్యాక్టరీ అంతా అదే మాట. గ్లౌజుల కోసం వచ్చిన ప్రతివాడికీ చెప్తున్నా, అది నా మేనకోడలురా అని." నవ్వుతూనే చైన్ తిప్పాడు. తిప్పుతూనే అన్నాడు, "నా ప్లేటు అలా వెనక్కి తోసేసేవాడు ఆ రోజు ఒక్కడు లేకపోయాడు బావా."

మేస్త్రి మెట్టు మీదే ఆగిపోయాడు.

"దాని గురించే వచ్చాన్రా. ఇంట్లో చెప్పేశాను. ఇప్పుడు నీకు చెప్పాలి."

బావమరిది చేతిలో చైన్ ఆగింది. నవ్వు కూడా ఆగింది. ఇంట్లో పెళ్ళాం గొంతు, పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

"వీళ్ళకి తెలియదు," అన్నాడు చిన్నగా. "నాకు పని రాదనే అనుకుంటారు. మా అక్కలాగే."

నూనె చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలే తుడుచుకున్నాడు. తర్వాత లేచి నిలబడి, తలుపు బార్లా తెరిచి, లోపలికి గట్టిగా కేకేశాడు.

"అందరూ ఒకసారి ఇటు రండి! మీ మావయ్య ఏదో చెప్తాడట. నేనూ మొదటిసారే వింటున్నా."